మీ నాయన ఎడమకాలు

బొమ్మలింగనపల్లి,
17-9-2006, ఆదివారం.

చి. త్రివేణికి మీ అమ్మ దీవించి రాసేది.

ఇక్కడ నేనూ, రెండు మేకలూ బాగానే ఉన్నాం. అక్కడ నీ ఫిజియోథెరపీ చదువు ఎలా సాగుతోందో నాలుగు పేజీలు రాశావు గాని, నీ ఒళ్ళు ఎలా ఉందో, హాస్టల్ తిండి పడుతోందో లేదో ఒక్క ముక్క రాయలేదు. ఈసారైనా రాయి.

నీ ఉత్తరం వచ్చి ఇరవై రెండు రోజులైంది. ఎప్పుడూ రెండో రోజుకే జవాబు రాసేదాన్ని. నువ్వు రెండుసార్లు అంగడికి ఫోన్ చేసి "మా అమ్మకు బాగలేదా?" అని అడిగావని అంగడి మారెక్క చెప్పింది. నాకు జ్వరం గిరం ఏమీ లేదు. రాయడానికి కూర్చుని మూడుసార్లు కాగితం చించేశాను. అంతే.

వానల గురించి అడిగావు. చెనక్కాయ పూత బాగానే పట్టింది. తీరా ఊడలు దిగే వేళకు వాన ఎగబెట్టింది. నేల బిర్రబిగిసిపోయి ఊడ లోపలికి దిగడం లేదు. మన రెండెకరాల్లో కాయ మీద ఆశ వదులుకున్నాను. కాయ లేకున్నా ఎండిన చెనక్కట్టె చేతికొస్తే మేకలకు నాలుగు నెలలు మేత అవుతుంది.

నా మోకాలి సంగతి అడిగావు. తగ్గింది. నువ్వు చెప్పినట్టే గోడకు ఆనుకుని కూర్చుని, కాలు చాపి పైకెత్తి, పది లెక్కపెట్టి దించుతున్నాను. అంగన్‌వాడీ పిల్లలు నన్ను చూసి వాళ్ళూ వరసగా గోడకు ఆనుకుని కాళ్ళు ఎత్తుతున్నారు. మొన్న సూపర్‌వైజరమ్మ వచ్చి "ఇదేమి కొత్త ఆట?" అని నవ్వింది.

నువ్వు రాసింది ఇక్కడ ఒక మనిషికి పనికొచ్చింది. నీ ఉత్తరం వచ్చిన మర్నాడే పక్కింటి సుంకమ్మ నీళ్ళ ట్యాంకు దగ్గర రెండు బిందెలతో మెట్టు దిగుతూ కాలు జారి, పడకుండా నిలదొక్కుకుంది. బిందెలు పడలేదు గాని మనిషి అక్కడే కూలబడింది. నలుగురు మోసుకొచ్చి మన అరుగు మీద కూర్చోబెట్టారు. ఎవరికి కాలు పట్టినా, ఎవరికి నడుం పట్టినా తెచ్చి కూర్చోబెట్టేది మన అరుగు మీదే కదా. నేను కాళ్ళు రుద్దే పని మానేసి తొమ్మిదేళ్ళయినా ఊరికి ఆ అలవాటు పోలేదు.

"పిక్కలో ఎవురో రాయి తీసుకోని కొట్నట్లాయ పుష్పక్కా. టప్పుమని సప్పుడు గూడా ఇన్యా. ఎనక్కి తిరిగి సూస్తే ఎవురూ లేరు," అంది సుంకమ్మ.

వాళ్ళ అత్త చిన్నక్క అప్పటికే ఆముదం గిన్నె తెచ్చేసింది. "రుద్దుమ్మే. ఊరికే సూస్తాండావేమి?" అని నన్ను కసిరింది.

"ఇప్పుడు రుద్దితే తెగిన పోగులు ఇంకా తెగుతాయి. రెండు దినాలు ఆ పిక్క మింద ఎవురూ చెయ్యి పెట్టొద్దండి. ఉప్పు కాపడం గూడా వద్దు," అన్నాను. 

లోపలికి పోయి నీ ఉత్తరం తెచ్చి వాళ్ళకు చదివి వినిపించాను. కండరమంటే ఒక్క తాడు కాదు, వేల పోగులు కలిపి పేనిన మోకు లాంటిదని రాశావే, అది. కొన్ని పోగులు సాగితే వారంలో కుదుటపడుతుంది, సగం తెగితే నెల పైన పడుతుంది, మొత్తం తెగితే మనిషి మునివేళ్ళ మీద లేవనే లేడు, అప్పుడు పెద్దాసుపత్రే గతి అని రాశావే, అదీ. సుంకమ్మను గోడ పట్టుకుని మునివేళ్ళ మీద లేవమన్నాను. ఏడుస్తూనే కొంచెం లేచింది. మొత్తం తెగలేదని నాకు ధైర్యం వచ్చింది.

ఐసు ఎక్కడ దొరుకుతుందని చూస్తుంటే బడి దగ్గర పుల్లైసులవాడి సైకిల్ గంట వినిపించింది. అతని డబ్బాలో అడుగున ఉన్న గడ్డలన్నీ తెప్పించి, గుడ్డలో చుట్టి, పావుగంట పెట్టి తీసి, మళ్ళీ రెండు గంటలకు పెట్టించాను. పాత చీర చించి పాదం నుంచి మోకాలి దాకా కట్టు కట్టించాను. కాలి కింద పొట్టు మూట పెట్టించాను. నాలుగో రోజు నుంచి పాదం మెల్లగా ఆడించమన్నాను. ఇప్పుడు ఒక్క బిందె ఎత్తుతోంది. "పాప బెంగుళూరులో సదువుతాంటే పుణ్యం నాకు దక్కె," అని అందరికీ చెబుతోంది.

కట్టు కట్టింది మాత్రం చిన్నక్క. "నీ సేత్తో కట్టుక్కా," అని సుంకమ్మ అడిగింది. నేను పక్కన కూర్చుని ఎలా కట్టాలో చెప్పాను.

నీ క్లాసులో అందరికీ చెప్పానని రాశావు, "నా చేతులు మా అమ్మవి, మా అవ్వవి" అని. అంత మంచి చేతి పని ఎందుకు మానేశావమ్మా అని కూడా అడిగావు. ఊళ్ళో అందరూ మొగుడు పోయిన దిగులుతో మానేసిందనుకుంటారు. నేనూ అలాగే అనుకోనిచ్చాను.

నాలుగో పేజీ చివర నువ్వు ఇంకొకటి అడిగావు. అడిగింది మూడు వాక్యాలే. "అమ్మా, ఏ దెబ్బా తగలకుండా ఒక్క కాలి పిక్క వాచి, ఎర్రబడి, ముట్టుకుంటే వేడిగా ఉంటే అది కండరం కాదంట. నరంలో రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు, రుద్దితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు పోయి మనిషి ప్రాణమే పోవచ్చని మేడం చెప్పింది. నాయనకు ఆఖర్న కాలు నొప్పి ఉన్నట్టు గుర్తు, ఆ కాలు ఎలా ఉండింది?"

నువ్వు ఊరికే అడిగావో, సగం తెలిసే అడిగావో నాకు తెలియదు. ఊరికే అడిగి ఉంటే, ఈ చదువు ఇంకో సంవత్సరం చదివేసరికి నీకే తెలిసిపోతుంది. అప్పుడు నువ్వొక్కదానివే ఆ హాస్టల్ గదిలో కూర్చుని తెలుసుకోవడం నాకు ఇష్టం లేదు. అందుకే రాస్తున్నాను.

కాలు వాచింది త్రివేణీ. ఎడమకాలు. ఎర్రగా ఉండింది. వేడిగా ఉండింది.

మీ అవ్వ ఓబమ్మ చెయ్యి ఎలాంటిదో నీకు కొంచెం గుర్తుండే ఉంటుంది. నేను పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆమె ఎవరి కాలైనా ముట్టుకునే ముందు మూడు మాటలు అడిగేది. ఎప్పుడు పట్టుకుంది, ఏం చేస్తుంటే పట్టుకుంది, చప్పుడు వినిపించిందా అని. "ఎప్పుడు పట్టుకున్నెనో తెలీదు, ఊరికే వచ్చె అంటే సెయ్యి పెట్టగాకమ్మే. అది మన పని గాదు," అని నాకు పదిసార్లు చెప్పింది. నేను నేర్చుకున్నాను. ఎనిమిదేళ్ళకు ఆమె కంటే బాగా నేర్చుకున్నానని పేరొచ్చింది. పావగడ వైపు నుంచి కూడా నడుం పట్టినవాళ్ళను బండ్ల మీద తెచ్చేవారు. వచ్చినవాళ్ళు మీ అవ్వ ఎదురుగానే "కోడల్ని పిలువు ఓబక్కా," అనేవారు. మీ అవ్వ లోపలికి పోయి నన్ను పిలిచేది. నాకు అది బాగుండేది. అబద్ధం రాయను, చాలా బాగుండేది.

మీ నాయన అప్పుడు బోరు బండితో పోయేవాడు. పైపులు ఎత్తి దించే పని. మన దగ్గర ఎన్ని అడుగులు తవ్వినా దుమ్మే లేస్తుందని ఆ బండ్లు సోలాపూర్ దాకా పోయేవి. ఆ సంవత్సరం శివరాత్రి పోయిన వారానికి తిరిగొచ్చాడు. రెండు పగళ్ళు, రెండు రాత్రులు బండి వెనక పైపుల సందులో కాళ్ళు ముడుచుకుని కూర్చుని వచ్చాడంట. దిగేటప్పటికే ఎడమ పిక్క లాగుతోందన్నాడు.

"ఎట్ల పట్టుకుండె?" అని అడిగాను. అలవాటు కొద్దీ అడిగాను.

"ఏమో, కూసోని కూసోని పట్టుకున్నట్లుండాది. దెబ్బేమీ తగల్లేదు," అన్నాడు.

మీ అవ్వ ఊళ్ళో ఉండి ఉంటే ఆ మాట దగ్గరే ఆగిపోయేది. ఆమె కూతురి పురుడుకని చిలమత్తూరు పోయింది. నేను ఆగలేదు. ఆ సాయంత్రం ఆముదం వెచ్చచేసి గంటసేపు రుద్దాను. అరచేతికి పిక్క మసులుతున్నట్టు తగిలింది. ప్రయాణం వేడి అనుకున్నాను.

ఇక రెండో రోజు పొద్దున సంగతి. నేను ఎవరికీ చెప్పనిది ఇదే.

ఆయన ఉతికిన చొక్కా వేసుకుని వాకిట్లో చెప్పులు తొడుక్కుంటున్నాడు. పాదం ఉబ్బి ఎడమ చెప్పు ఎక్కడం లేదు. మడకశిర బస్సు వచ్చే వేళ.

"యాడికి?" అన్నాను.

"ఆస్పత్రికి పోయి సూపిచ్చుకోనొస్తా. ఇది పట్టుకున్నట్ల లేదు పుష్పా. లోపల మండుతాండాది."

"నేనుండంగ ఆస్పత్రి యాల? పావగడ నుంచి బండ్లు కట్టుకోని నా దగ్గరికి వస్తాండారు. నా మొగుడే నన్ను కాదని సూదిమందుకు పోయినాడంటే రేపు నా వాకిలి తొక్కేదెవురు?"

ఆయన నవ్వాడు. "నీ వాకిలి కోసం నా కాలా?" అన్నాడు.

"రేపటి దాకా సూడు. తగ్గకపోతే నేనే తోడొస్తా."

బస్సు వచ్చి హారన్ కొట్టింది. ఆయన బస్సు వైపు చూశాడు, నా వైపు చూశాడు. చెప్పులు విడిచి, అరుగు మీద కూర్చుని, కాలు నా ముందుకు చాపాడు. కోపంగా కాదు. భార్య మాట కాదనలేని మనిషి ఎలా చాపుతాడో అలాగే. బస్సు రెండు నిమిషాలు నిలబడే పోయింది. ఇప్పటికీ పొద్దున ఆ బస్సు హారన్ కొడితే అంగన్‌వాడీలో చేతిలో ఏది ఉంటే అది పట్టుకుని అది వెళ్ళిపోయేదాకా నిలబడిపోతాను. పిల్లలకు కూడా అలవాటైంది, "టీచర్ బస్సు పోనీ అంటాది," అని చెప్పుకుంటారు.

మూడో రోజు నువ్వు బడికి పోయాక మళ్ళీ కూర్చున్నాను. పిక్క మధ్యలో లోపల తాడు ముడి లాంటిది బొటనవేలికి తగిలింది. కండ ముడిపడింది, ఇది వదిలితే నొప్పి పోతుంది అనుకున్నాను. మీ నాయన పళ్ళు కరచుకుని గోడ పట్టుకున్నాడు. నేను మడమ నుంచి మోకాలి వరకు, ఉన్న బలమంతా పెట్టి పైకి నొక్కుకుంటూ పోయాను. నాలుగోసారికో ఐదోసారికో ఆ ముడి నా వేలి కింద మెత్తబడి, జారి, పోయింది.

"వదిలె!" అన్నాను గట్టిగా. నవ్వుతూ అన్నాను త్రివేణీ.

ఆయన లేచి నిలబడ్డాడు. "అవునే, తేలికాయ," అన్నాడు. కాళ్ళు కడుక్కుంటానని నీళ్ళ తొట్టి దగ్గరికి నడిచాడు. చెంబు ముంచి, పక్కన పెట్టి, తొట్టి గట్టు పట్టుకుని కూర్చున్నాడు. "ఊపిరి ఆడలేదే," అన్నాడు. రొమ్ము మీద చెయ్యి పెట్టుకున్నాడు. పెదాలు నల్లబడ్డాయి. నేను అరుచుకుంటూ వీధిలోకి పోయి మనుషుల్ని తోడుకుని వచ్చేసరికి చెంబు పక్కన ఒరిగిపోయి ఉన్నాడు. ముఖానికి చెమట ఇంకా ఆరలేదు. నిన్ను బడి నుంచి ఎవరు తెచ్చారో నాకు ఇప్పటికీ గుర్తుకు రాదు.

మీ అవ్వ సాయంత్రానికి వచ్చింది. స్నానం చేయించేటప్పుడు ఆడవాళ్ళందరినీ పక్కకు పొమ్మని, కొడుకు కాళ్ళు తానే కడిగింది. ఎడమ పిక్క మీద చెయ్యి పెట్టి చాలాసేపు తీయలేదు. తర్వాత తలెత్తి నన్ను చూసింది.

"ఎన్ని దినాలు రుద్దినావు?"

"మూడు."

"ఎట్ల పట్టుకుండెనంట?"

"ఊరికేనంట."

పంచె చీలమండల దాకా లాగి కప్పింది. బయటికి పోయి వాకిట్లో ఉన్నవాళ్ళకు "నా కొడుక్కి గుండె ఆగిపాయె," అని చెప్పింది. ఊరు ఆ మాటే నమ్మింది. నువ్వూ అదే నమ్మి పెరిగావు.

ఆమె ఇంకా ఆరేళ్ళు బతికింది. నన్ను ఒక్క మాట అనలేదు. నా చేతి అన్నమే తిన్నది. ఎవరైనా పట్టు పట్టిందని వాకిట్లోకి వస్తే మాత్రం నేను నోరు తెరిచేలోపే, "దాని సేతులు ఇప్పుడు పనికి రావప్పా, పోండి," అని తానే పంపేసేది. నన్ను కాపాడడానికి అనేదో, వచ్చినవాళ్ళను కాపాడడానికి అనేదో నాకు తెలియలేదు. ఆఖరి సంవత్సరం ఆమె కాళ్ళు రాత్రింబగళ్ళు లాగేవి, నీకు గుర్తుందా? నువ్వే పట్టేదానివి. నేను మంచం దగ్గరికి పోతే ఆమె కాళ్ళు ముడుచుకునేది. నిద్రలో కూడా ముడుచుకునేది.

తొమ్మిదేళ్ళు నాకు అనుమానమే, ఖాయంగా తెలియదు. నీ ఉత్తరం చదివాక తెలిసింది. ముందే తెలుసు కదా అనుకుంటావేమో. అనుమానం ఉంటే ఒక పూట మరిచిపోవచ్చు. సంగటి ముద్ద కట్టేటప్పుడు బొటనవేలి కింద ఏదో జారినట్టుండేది. ఉలిక్కిపడి, మళ్ళీ కట్టేదాన్ని. ఈ ఇరవై రెండు రోజులుగా సంగటి చేయడం లేదు. అన్నమే వండుకుంటున్నాను.

ఎవరికో జరిగినట్టు చెప్పి మన సబ్‌సెంటర్ నర్సమ్మను అడిగాను, ఆ రోజు బస్సెక్కి ఉంటే బతికేవాడా అని. "చెప్పలేమక్కా. కనుక్కునేవాళ్ళు ఉండాలి, బెంగుళూరుకు పంపుండాలి. బతికినా బతికుండొచ్చు," అంది. నేను బతికేవాడనే అనుకుంటున్నాను. అలా అనుకోవడమే న్యాయమని నాకు తోస్తుంది.

ఇంకొకటి రాయాలి. ఇది రాయడానికే కాగితాలు చించాను. ఆ రెండో రోజూ, మూడో రోజూ బడికి పోయే ముందు ఆముదం వెచ్చచేసి గిన్నె తెచ్చింది నువ్వు. నీకు పదేళ్ళు. "నాయనా, సరిపోయే వేడుందా?" అని వేలు ముంచి చూశావు. నీకు ఇది గుర్తుందో లేదో తెలియదు. గుర్తు లేకపోతే నేనే గుర్తుచేసినదాన్నవుతున్నాను. కాని ఏదో ఒకరోజు నీకై నీకు గుర్తొచ్చి, నేనూ ఒక చెయ్యి వేశానే అని నువ్వు కుమిలిపోతే అప్పుడు చెప్పడానికి నేను ఉండకపోవచ్చు. విను తల్లీ. నువ్వు నూనె తెచ్చావు, అంతే. బస్సు ఆపింది నేను. అడగాల్సిన మాట అడిగి, జవాబు విని కూడా చెయ్యి పెట్టింది నేను. ఇందులో నీ వంతు ఆవగింజంత కూడా లేదు. ఈ ఒక్క విషయంలో నేను చెప్పింది నమ్ము, మిగతా విషయాల్లో నన్ను నమ్మినా నమ్మకపోయినా సరే.

నన్ను క్షమించమని రాయను. క్షమించాల్సినవాడు అడగకుండానే కాలు చాపి ఇచ్చి పోయాడు.

అంగడికి ఫోన్ చేయకు. మారెక్క పక్కనే నిలబడి వింటుంది. అక్టోబరు ఎనిమిదో తేదీ ఆదివారం నేను బెంగుళూరు వస్తాను. పొద్దున మొదటి బస్సుకు బయలుదేరితే మధ్యాహ్నానికి మీ హాస్టల్ దగ్గర ఉంటాను. లోపలికి కబురు పంపను. గేటుకు ఎదురుగా రోడ్డు అవతల కూర్చుంటాను, ఐదు గంటల దాకా. వస్తే రా. నన్ను అడగాల్సినవన్నీ అడుగు, అనాల్సినవన్నీ అను, రోడ్డు మీదైనా సరే. రావాలనిపించకపోతే రాకు. ఐదు దాటాక లేచి బస్సెక్కుతాను. నాకు బాధగా ఉండదని రాస్తే అబద్ధమవుతుంది. ఉంటుంది. కాని మర్నాడు పొద్దున యథాప్రకారం అంగన్‌వాడీ తలుపు తీస్తాను, నీ ఫీజుకు పంపేది పంపుతాను, నువ్వు ఎప్పుడు రాసినా జవాబు రాస్తాను.

ఆ రోజు వర్షమొచ్చినా అక్కడే ఉంటాను.

ఇట్లు,
మీ అమ్మ,
పుష్పావతి.